లైసెన్సు వేరు, శిక్షణ సీటు వేరు

ఒక దేశంలో ఎంబీబీఎస్ పట్టా పుచ్చుకున్నంత మాత్రాన మరో దేశంలో రోగికి మందు రాసే హక్కు రాదు. వైద్యం మనిషి ప్రాణంతో ముడిపడిన వృత్తి కాబట్టి, దాన్ని ఎవరు చేయవచ్చో నిర్ణయించే అధికారాన్ని ప్రతి దేశమూ తన చట్టం కిందనే ఉంచుకుంటుంది. ఆ చట్టం ప్రకారం ఏర్పడిన మండలి తన జాబితాలో పేరు ఎక్కించుకొని ఇచ్చే అనుమతినే లైసెన్సు అనీ, రిజిస్ట్రేషన్ అనీ వ్యవహరిస్తారు. లైసెన్సు చేతికి రావడంతో పని పూర్తికాదు. గుండె, మూత్రపిండాలు, పిల్లల వైద్యం, శస్త్రచికిత్స వంటి ఏదో ఒక విభాగంలో నిపుణుడిగా గుర్తింపు పొందాలంటే ఆ దేశపు ఆసుపత్రుల్లో కొన్నేళ్లపాటు, జీతం తీసుకుంటూ, పెద్దల పర్యవేక్షణలో శిక్షణ పొందాలి. ఆ శిక్షణకు సీటు కావాలి. పరీక్ష ఎంతమంది రాసినా, ఎంతమంది నెగ్గినా ఏ దేశానికీ అభ్యంతరం ఉండదు గాని, శిక్షణ సీట్లను మాత్రం ప్రభుత్వాలు తమ అవసరాన్ని బట్టి, తమ ఖజానాను బట్టి లెక్కగట్టి పెడతాయి. ఒక వ్యక్తి వైద్యుడా కాదా అన్నది పరీక్ష తేలుస్తుంది. ఆ వైద్యుడు ఏ విభాగంలో, ఏ ఊళ్లో, ఎవరికి వైద్యం చేస్తాడన్నది సీటు తేలుస్తుంది. వరంగల్ నుంచి అమెరికా, ఇంగ్లండ్ దేశాలకు వెళ్లిన వైద్యుల చరిత్ర చూసినా, విదేశాల్లో చదివి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు తిరిగివస్తున్న యువతీయువకుల స్థితి చూసినా ఈ సంగతే ముందుకు వస్తుంది.

ఈ ఇబ్బందిని స్వయంగా అనుభవించిన తొలితరం తెలుగువారిలో ముందు చెప్పుకోవలసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువదిగా ఎంచే ఎల్‌ఎంఎస్ పట్టాతోనే బయటికి రావలసి వచ్చింది. 1920లలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, అక్కడ వైద్యుడిగా పనిచేసే అర్హత లేకపోవడం వల్ల, పొట్టపోసుకోవడానికి అదే నగరంలోని ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. 1930లో పీహెచ్‌డీ పొంది, 1940లో లెడర్లే ప్రయోగశాలలకు మారి, ఫోలిక్ ఆమ్లం మీద, క్యాన్సర్ మందుల మీద, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద సాగిన పరిశోధనలకు సారథ్యం వహించిన ఆ మనిషి 1948లో కన్నుమూసేవరకు అమెరికా పౌరుడు కాలేదు. బోదకాలు నివారణ కోసం ఆరోగ్య సిబ్బంది ఊరూరా తిరిగి మింగించే డీఈసీ మాత్ర ఆయన బృందం చేతి మీదుగా వచ్చిందే. పరిశోధనశాల ఆయనకు చోటిచ్చింది గాని, ఆసుపత్రి వైద్యుడిగా చోటివ్వలేదు.

సుబ్బారావు ఒంటరిగా వెళ్లిన దారిలో తెలుగు వైద్యులు వందల సంఖ్యలో నడవడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల మొదలైంది. ఆ తొలి బృందం చదువు ముగించే రోజులకే, 1965 అక్టోబరులో, అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, అప్పటివరకు భారతీయులకు ఏటా వందకు మించకుండా ఉంచిన కోటాను ఎత్తివేసింది. అదే సంవత్సరం అక్కడ వృద్ధులకూ పేదలకూ ప్రభుత్వమే వైద్య ఖర్చు భరించే మెడికేర్, మెడికెయిడ్ పథకాలు వచ్చి ఆసుపత్రులు రోగులతో నిండిపోగా, యువ వైద్యులు పలువురు వియత్నాం యుద్ధానికి వెళ్లవలసి రావడంతో రాత్రి డ్యూటీలు చేయడానికి మనుషులు దొరకని పరిస్థితి ఏర్పడింది. విదేశాల్లో చదివిన వైద్యుల పట్టాలను, పరిజ్ఞానాన్ని పరిశీలించడానికి ఫిలడెల్ఫియా కేంద్రంగా పనిచేసే ఈసీఎఫ్‌ఎంజీ అనే సంస్థ 1958 నుంచే పరీక్ష నిర్వహిస్తోంది. ప్రజల డబ్బుతో చదివిన వైద్యులు దేశం విడిచిపోతున్నారన్న ఆందోళనతో భారత ప్రభుత్వం కొంతకాలం ఈ పరీక్షను తన నేల మీద జరపనివ్వలేదు. అభ్యర్థులు శ్రీలంక వంటి దేశాలకు వెళ్లి రాసి వచ్చారు. పరీక్ష కేంద్రం దూరమైనంత మాత్రాన వలస ఆగలేదు. అవతల సీట్లు ఖాళీగా ఉన్నంతకాలం అది ఆగేది కాదు కూడా. 1976లో అమెరికా కాంగ్రెసు తమ దేశంలో వైద్యుల కొరత ఇక లేదని చట్టంలోనే రాసుకొని, విదేశీ వైద్యులకు వీసా నిబంధనలను బిగించి, కఠినమైన మరో పరీక్షను పెట్టినప్పుడు ప్రవాహం ఒక్కసారిగా సన్నగిల్లింది. అభ్యర్థుల చదువు అంతకుముందు ఏడాది కంటే ఏమీ దిగజారలేదు. మారింది అమెరికా అవసరం మాత్రమే.

ప్రస్తుతం అమెరికా వెళ్లదలచిన వైద్యుడు నడిచే దారి కాగితాలతో మొదలవుతుంది. పట్టా నిజమైనదో కాదో అభ్యర్థి చూపే నకలును బట్టి కాక, దాన్ని జారీచేసిన విశ్వవిద్యాలయాన్నే నేరుగా అడిగి నిర్ధారించుకోవడం ఈసీఎఫ్‌ఎంజీ పద్ధతి. కాకతీయ వైద్య కళాశాల తొలి దశలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద, తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం కింద, ఆపైన విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడిచి, రాష్ట్ర విభజన తర్వాత వరంగల్‌లోనే నెలకొన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది కాబట్టి, ఒకే భవనంలో చదివిన నాలుగు తరాలవారి పట్టాల మీద నాలుగు వేర్వేరు ముద్రలు ఉంటాయి; ఏ తరంవారు ఏ కార్యాలయం నుంచి జవాబు తెప్పించుకోవాలో తెలుసుకోవడమే ఒక పని. తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు పేరు దగ్గర ఉంది. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంటుంది, ఎంబీబీఎస్ పట్టా మీద పూర్తిగా విడమరచి ఉంటుంది, పాస్‌పోర్టులో చివరికి వెళుతుంది, పెళ్లయిన అమ్మాయికి కొన్ని కాగితాల్లో అత్తింటి పేరు చేరుతుంది. కాగితాలన్నింటిలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలన్న నిబంధన ముందు ఇవన్నీ వేర్వేరు మనుషుల పేర్లుగా కనిపిస్తాయి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడే పాస్‌పోర్టులోని పేరును పట్టాలోని పేరుతో సరిచూసుకున్నవారు తర్వాత నెలల తరబడి అఫిడవిట్ల వెంట తిరగవలసిన పని తప్పించుకుంటారు.

కాగితాల తర్వాత పరీక్షలు. యూఎస్‌ఎంఎల్‌ఈ అని పిలిచే అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష 1990ల తొలి సంవత్సరాల్లో అమల్లోకి వచ్చింది. స్వదేశీ విద్యార్థికీ విదేశీ విద్యార్థికీ అదే ప్రశ్నపత్రం కావడం దానిలోని మెచ్చుకోదగిన లక్షణం. ఇందులో స్టెప్ వన్ శరీర నిర్మాణం, జీవరసాయనం, వ్యాధి విజ్ఞానం వంటి మూలశాస్త్రాలను పరీక్షిస్తుంది. స్టెప్ టూ రోగి లక్షణాలు ఇచ్చి ఏం చేయాలో అడుగుతుంది. స్టెప్ త్రీని ఎక్కువమంది శిక్షణలో చేరాక రాస్తారు. మొదటి రెండూ ఒక్కొక్కటి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంప్యూటరు ముందు కూర్చొని రాసేవే. ఇప్పుడు వాటికి హైదరాబాదులోనే కేంద్రం ఉంది. రోగి వేషం వేసిన నటులను పరీక్షించి చూపించే ప్రత్యక్ష పరీక్షను 2021లో పూర్తిగా ఎత్తివేశారు. దాని స్థానంలో వైద్యుల కోసం రూపొందించిన ఇంగ్లిషు భాషా పరీక్షతో పాటు వైద్య కౌశలాన్ని నిర్ధారించే కొన్ని మార్గాలను పెట్టారు. 2022 జనవరి నుంచి స్టెప్ వన్‌కు మార్కులు ఇవ్వడం మానేసి, ఉత్తీర్ణత మాత్రమే ప్రకటిస్తున్నారు. పేరులేని కళాశాల నుంచి వచ్చినా మార్కులతో నెగ్గుకు రాగలిగిన విదేశీ అభ్యర్థికి ఈ మార్పు వల్ల ఉన్న ఒక్క ఆధారమూ సన్నబడి, బరువంతా స్టెప్ టూ మార్కుల మీదికి, అమెరికా వైద్యులు రాసిచ్చే సిఫారసు లేఖల మీదికి జరిగింది. ఆ లేఖల కోసమే ఎంతోమంది అప్పుచేసి వెళ్లి, కొన్ని నెలలపాటు అబ్జర్వర్‌షిప్ పేరిట, అంటే రోగిని ముట్టుకోకుండా పక్కన నిలబడి చూసే పద్ధతిలో, ఆసుపత్రుల్లో గడుపుతున్నారు.

ఇంతవరకు జరిగినదంతా అర్హత సంపాదించడమే. సీటు ఇంకా రాలేదు. అమెరికాలో రెసిడెన్సీ అని పిలిచే శిక్షణ సీట్లను 1952లో మొదలైన మ్యాచ్ అనే పద్ధతిలో కేటాయిస్తారు. సెప్టెంబరులో అభ్యర్థి పదుల కొద్దీ, కొందరు వంద దాటి కూడా, ఆసుపత్రులకు దరఖాస్తు పెడతారు. పిలిచినవారు చలికాలమంతా ఇంటర్వ్యూలు జరుపుతారు. ఆ తర్వాత అభ్యర్థి తనకు నచ్చిన ఆసుపత్రులను వరుసక్రమంలో రాసి ఇస్తాడు, ఆసుపత్రులూ తమకు నచ్చిన అభ్యర్థులను వరుసక్రమంలో రాసి ఇస్తాయి. కంప్యూటరు మొదట అభ్యర్థి జాబితాలోని తొలి పేరును పట్టుకొని, ఆ ఆసుపత్రి అతణ్ని తన జాబితాలో చేర్చుకున్నదా, సీటు ఉన్నదా అని చూసి తాత్కాలికంగా కూర్చోబెడుతుంది; ఆ ఆసుపత్రికి అతని కంటే ఎక్కువ నచ్చిన మరొకరు అదే సీటుకు వస్తే అతణ్ని లేపి, అతని జాబితాలోని రెండో పేరు దగ్గరికి పంపుతుంది. అందరూ ఎక్కడో ఒకచోట కుదిరేవరకు, లేదా జాబితాలు అయిపోయేవరకు ఇది సాగుతుంది. సీటు వస్తుందో రాదోనన్న భయంతో నచ్చిన ఆసుపత్రిని కిందికి దించి రాయడం వల్ల అభ్యర్థికి ఏ లాభమూ లేకపోవడం ఈ ఏర్పాటులోని అందం. ఇటువంటి జతకూర్పుల సిద్ధాంతానికీ దాని ఆచరణకూ 2012లో లాయిడ్ షేప్లీ, ఆల్విన్ రాత్‌లకు అర్థశాస్త్రంలో నోబెల్ లభించింది. మార్చి మూడో వారంలో, సోమవారం నాడు, సీటు వచ్చిందా లేదా అన్నది మాత్రం చెబుతారు. ఏ ఊళ్లో అన్నది శుక్రవారం గాని తెలియదు. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో ఇటీవలి సంవత్సరాల్లో పదిమందికి దాదాపు ఆరుగురికి మాత్రమే సీటు దొరుకుతోంది. మిగిలిన నలుగురూ అన్ని పరీక్షలూ నెగ్గినవారే. అక్కడి ఆసుపత్రులు చదువు ముగిసి ఎన్నేళ్లయిందన్నది కూడా లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, ఆగిపోయిన ప్రతి ఏడాదీ వారి అవకాశాలను మరికొంత తగ్గిస్తుంది.

సీట్లు ఎందుకు ఇన్నే అన్న ప్రశ్నకు జవాబు వైద్యశాస్త్రంలో లేదు, బడ్జెటులో ఉంది. రెసిడెంట్ల శిక్షణకయ్యే ఖర్చులో పెద్ద భాగాన్ని మెడికేర్ నిధుల నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆసుపత్రులకు చెల్లిస్తుంది. ఆ చెల్లింపు లభించే సీట్ల సంఖ్యకు 1997 నాటి చట్టంతో పరిమితి విధించారు. ఆ తర్వాత 2020 డిసెంబరులో ఆమోదించిన చట్టంతో వెయ్యి సీట్లు కలిపారు. స్వదేశీ విద్యార్థులు చర్మవ్యాధులు, ఎముకల శస్త్రచికిత్స, ప్లాస్టిక్ సర్జరీ వంటి విభాగాలను ముందుగా నింపుకోగా, ఇంటర్నల్ మెడిసిన్, కుటుంబ వైద్యం, పిల్లల వైద్యం, మానసిక వైద్యం, కిడ్నీ వైద్యం వంటి విభాగాలు విదేశీ పట్టభద్రుల చేతికి వస్తాయి. అమెరికాలోని వైద్యుల్లో దాదాపు నాలుగో వంతు బయటి దేశాల్లో చదివినవారే; వారిలో భారతీయులదే అతిపెద్ద సమూహం. తెలుగు కుటుంబాల్లో అమెరికా డాక్టరు అంటే తరచుగా ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరే కావడానికి కారణం అభిరుచి ఒక్కటే కాదు.

ఇక్కడ ఎంఎస్ జనరల్ సర్జరీ చేసి, వరంగల్ ఎంజీఎం వంటి రద్దీగల ఆసుపత్రిలో వేల కేసులు చూసిన సర్జను అమెరికా వెళితే, ఆ అనుభవం మొత్తం లెక్కకు రాకుండా, అప్పుడే ఎంబీబీఎస్ ముగించిన కుర్రవాడితో కలిసి మొదటి సంవత్సరం రెసిడెంటుగా చేరవలసి ఉంటుంది. ఇంటర్నల్ మెడిసిన్‌కు మూడేళ్లు, జనరల్ సర్జరీకి ఐదేళ్లు. గుండె వైద్యం కావాలంటే మెడిసిన్ మూడేళ్ల మీద మరో మూడేళ్ల ఫెలోషిప్. ఆ తర్వాత సంబంధిత బోర్డు పెట్టే పరీక్ష నెగ్గితే బోర్డు ధ్రువీకరణ లభిస్తుంది. లైసెన్సు రాష్ట్రం ఇచ్చేది, ధ్రువీకరణ వృత్తిసంఘాల బోర్డు ఇచ్చేది. ధ్రువీకరణ లేకుండా వైద్యం చేయడం నేరం కాకపోయినా, ఆసుపత్రులూ బీమా కంపెనీలూ దాన్నే అడుగుతాయి. రేడియాలజీ బోర్డు మాత్రం, విదేశంలో శిక్షణ పొందిన రేడియాలజిస్టు గుర్తింపు పొందిన ఒకే సంస్థలో నాలుగేళ్లు పనిచేస్తే పరీక్షకు అనుమతించే ప్రత్యామ్నాయ మార్గాన్ని చాలాకాలంగా నడుపుతోంది. రేడియాలజీలో సాధ్యమైనది మిగతా చాలా విభాగాల్లో ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. రోగి భద్రత కోసం పరీక్షించడం న్యాయమే. పరీక్షించకుండానే పదేళ్ల పనిని సున్నాగా లెక్కగట్టడం మాత్రం నైపుణ్యాన్ని వృథా చేయడమే. 2023లో టెనెసీ రాష్ట్రం, విదేశాల్లో శిక్షణ పొంది అనుభవం గడించిన వైద్యులు అమెరికాలో మళ్లీ రెసిడెన్సీ చేయకుండానే తాత్కాలిక లైసెన్సుతో ఆసుపత్రుల్లో పనిచేసే అవకాశం కల్పిస్తూ తొలి చట్టం చేసింది; మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. బోర్డులు మాత్రం తమ నిబంధనలను అదే వేగంతో సడలించలేదు కాబట్టి, ఈ చట్టాల కింద లైసెన్సు వచ్చినా నిపుణుడి హోదా రావడం ఇంకా కష్టంగానే ఉంది.

శిక్షణ ముగిసిన తర్వాత ఎక్కడ స్థిరపడాలన్నది వీసా నిర్ణయిస్తుంది. జె-వన్ వీసా మీద శిక్షణ పొందినవారు రెండేళ్లపాటు స్వదేశానికి తిరిగివెళ్లి ఉండాలన్నది మూల నిబంధన. ఆ షరతు మాఫీ కావాలంటే సాధారణంగా వైద్యులు కొరతగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పూర్తికాలం పనిచేయాలి. ఉత్తర డకోటా సెనేటరు కెంట్ కాన్రాడ్ పేరిట 1994లో రాష్ట్రానికి ఇరవై చొప్పున మొదలైన ఈ మాఫీలు తర్వాత ముప్పైకి పెరిగాయి. బొగ్గుగనుల కొండప్రాంతాల్లో, మంచు మైదానాల చిన్న పట్టణాల్లో భారతీయ వైద్యులు కనిపించడానికి ఈ నిబంధన ముఖ్యకారణం. హెచ్-వన్‌బీ వీసా దారిలో ఈ బాధ్యత ఉండదు గాని, 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు విధించిన లక్ష డాలర్ల రుసుము చిన్న ఆసుపత్రులకు ఆ దారిని భారం చేసింది. ఒక్క మాట ఇక్కడ చెప్పక తప్పదు. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం మండలాల నుంచో, భూపాలపల్లి జిల్లాలోని పలిమెల, మహాముత్తారం మండలాల నుంచో రోగి స్పెషలిస్టు కోసం అడవి దాటి జిల్లా కేంద్రానికో, వరంగల్‌కో రావలసి ఉండగా, ఇదే నేల మీద చదివిన వైద్యుడు అమెరికాలో అటువంటి మారుమూల ప్రాంతానికే మూడేళ్ల కట్టుబాటుతో సేవచేస్తున్నాడు. ఇందులో వైద్యుడి తప్పు ఏదీ లేదు. తమ మారుమూల ప్రాంతాల అవసరాన్ని చట్టంగా మార్చుకునే తెలివి ఆ దేశానికి ఉన్నది.

బ్రిటన్ కథ వలసపాలనతో మొదలవుతుంది. 1858 చట్టంతో ఏర్పడిన జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతదేశంలోని వైద్య పట్టాలను గుర్తిస్తూ వచ్చి, కాన్పుల శిక్షణ సరిగా లేదన్న కారణం చూపి 1930లో ఆ గుర్తింపును కొంతకాలం ఆపివేసింది. దాని ఫలితంగా వచ్చినదే 1933 నాటి భారత వైద్యమండలి చట్టం. 1948లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమయ్యాక భారతీయ వైద్యులు పెద్దఎత్తున అక్కడికి చేరారు. వారికి అందిన ఉద్యోగాలు ఎక్కువగా బ్రిటిష్ వైద్యులు ఇష్టపడని వృద్ధుల వైద్యంలోనూ, వేల్స్ బొగ్గు లోయల్లోనూ, పారిశ్రామిక నగరాల్లోని పేదపేటల్లోనూ ఉండేవి. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యం ఒక గౌరవనీయమైన విభాగంగా ఎదగడంలో దక్షిణాసియా వైద్యుల పాలు చాలా పెద్దదని చరిత్రకారులు గుర్తించారు. 1975లో భారతీయ పట్టాలకు గుర్తింపు మళ్లీ పోయి, ప్రవేశ పరీక్ష వచ్చింది. అదే కాలక్రమంలో ప్లాబ్ పేరుతో స్థిరపడింది. మొదటి భాగం ప్రశ్నపత్రం. రెండో భాగం మాంచెస్టర్‌లో మాత్రమే జరిగే ప్రత్యక్ష పరీక్ష, అందులో అభ్యర్థి ఒక్కో గదిలో కొద్ది నిమిషాల చొప్పున రోగి పాత్ర ధరించిన నటులతో మాట్లాడాలి. కోపంగా ఉన్న కొడుక్కి తల్లి మరణవార్త చెప్పడం, చికిత్స వద్దంటున్న రోగి మాట వినడం వంటివి అక్కడ మార్కులు తెచ్చే పనులు. వార్డులో వందమందిని చూసి వచ్చిన ఇక్కడి వైద్యుడికి వ్యాధి గుర్తించడం కష్టం కాదు. రోగి మాట పూర్తయ్యేదాకా ఆగి వినడం అలవాటు చేసుకోవలసి వస్తుంది. అది మంచి అలవాటే.

ప్లాబ్ నెగ్గితే లైసెన్సు వస్తుంది, ఉద్యోగమూ రావచ్చు. అయితే ఆ ఉద్యోగం తరచుగా ట్రస్టు డాక్టరు వంటి పేరుతో, శిక్షణగా లెక్కకు రాని కొలువు అవుతుంది. ఎంఆర్‌సీపీ, ఎఫ్‌ఆర్‌సీఎస్ వంటి రాయల్ కాలేజీల పరీక్షలు నెగ్గినవారిని మన ఊళ్లలో పూర్తి నిపుణులుగానే భావిస్తారు గాని, ఎంఆర్‌సీపీ ఉన్నంత మాత్రాన బ్రిటన్‌లో కన్సల్టెంటు కాలేరు. స్పెషలిస్టు రిజిస్టరులో పేరు ఉండాలి. అక్కడ శిక్షణ పూర్తిచేసినవారికి సీసీటీ అనే ధ్రువపత్రంతో పేరు ఎక్కుతుంది. శిక్షణ సీటు దొరకనివారికి బ్రిటన్ మరో మార్గం ఉంచింది: తమ శిక్షణ, చేసిన ఆపరేషన్లు, చూసిన కేసులు, సహచరుల అభిప్రాయాలు వీటన్నింటికీ సాక్ష్యాధారాలు వందల పుటల్లో సమర్పించి, బ్రిటన్ నిపుణుడితో సమానమైన జ్ఞానం, నైపుణ్యం, అనుభవం తమకు ఉన్నాయని నిరూపించుకోవచ్చు. 2023 చివరి నుంచి దీన్ని పోర్ట్‌ఫోలియో మార్గం అంటున్నారు. వరంగల్‌లో చేసిన ఎంఎస్ ఇక్కడ సున్నా కాదు, సాక్ష్యం అవుతుంది; ఈ విషయంలో బ్రిటన్ పద్ధతి అమెరికా పద్ధతి కంటే న్యాయమైనది. శిక్షణ సీటు విషయంలో మాత్రం అక్కడా గాలి ఎటు వీస్తే అటే. 2006 ఏప్రిల్‌లో వర్క్ పర్మిటు లేకుండా శిక్షణ పొందే సౌకర్యాన్ని హఠాత్తుగా తీసివేయడంతో వేలమంది భారతీయ వైద్యులు మధ్యలో చిక్కుకుపోయారు; భారత సంతతి వైద్యుల సంఘం బాపియో న్యాయపోరాటం చేసి, ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెల్లవన్న తీర్పును 2008లో ప్రభువుల సభ నుంచి సాధించింది. 2025లో ప్రకటించిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో బ్రిటన్ ప్రభుత్వం శిక్షణ సీట్లలో స్వదేశీ పట్టభద్రులకే ప్రాధాన్యం ఇస్తామని మళ్లీ చెప్పింది. జర్మనీలో అన్నిటికంటే ముందు వైద్యవృత్తికి సరిపడే జర్మన్ భాష రావాలి. గల్ఫ్ దేశాల సంగతి భిన్నం: అవి నిపుణులను తయారుచేయడానికి బదులు తయారైనవారిని తీసుకుంటాయి కాబట్టి, ఇక్కడి ఎండీ, డీఎన్‌బీ పట్టాలను, అనుభవాన్ని సరిచూసుకొని స్పెషలిస్టు హోదానే ఇస్తాయి, పౌరసత్వం మాత్రం సాధారణంగా ఇవ్వవు.

ఇదే వ్యవహారం తిరుగుదిశలోనూ నడుస్తోంది. నీట్‌లో అర్హత సాధించినా ప్రభుత్వ సీటుకు సరిపడే ర్యాంకు రాక, ప్రైవేటు కళాశాలల యాజమాన్య కోటా రుసుము భరించలేక, ఈ జిల్లాల పిల్లలు కిర్గిజ్‌స్తాన్, జార్జియా, రష్యా, ఫిలిప్పీన్స్, చైనా దేశాలకు, 2022 ఫిబ్రవరి యుద్ధానికి ముందు ఉక్రెయిన్‌కు, చదువుకోసం వెళ్లారు. భారత చట్టం దృష్టిలో వీరే విదేశీ శిక్షణ పొందిన వైద్యులు. 2002 నుంచి వీరికి ఎఫ్‌ఎంజీఈ అనే స్క్రీనింగ్ పరీక్ష అమల్లో ఉంది. జూన్, డిసెంబరు విడతల పేరిట జరిగే ఆ పరీక్షలో 300 ప్రశ్నలకు 150 సరిగా రాయాలి. ఇటీవలి చాలా విడతల్లో ఐదుగురు రాస్తే నెగ్గినది ఒకరు, కొన్నిసార్లు అంతకంటే కొద్దిగా ఎక్కువ. ఇక్కడ మాత్రం పరీక్షే పెద్ద గండం. రోగులను తక్కువగా చూపించి, పరభాష మాట్లాడే వార్డుల్లో నిలబెట్టి, డబ్బు తీసుకొని పంపిన కళాశాలల లోపం ఆ ఫలితాల్లో పిల్లల లోపంగా కనిపిస్తుంది. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, ఆ తర్వాత చేరినవారి చదువు ఇంగ్లిషు మాధ్యమంలో 54 నెలలకు తగ్గకుండా ఉండాలి, అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ జరగాలి, ఆ పట్టా ఆ దేశంలో వైద్యం చేయడానికి పనికిరావాలి, ఇక్కడికి వచ్చాక మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, మొత్తం పదేళ్లలో ముగియాలి. ఏజెంటు చూపించే రంగుల కరపత్రంలో ఈ నాలుగైదు షరతులకు జవాబు ఉందో లేదో తల్లిదండ్రులు చేర్పించే ముందే చూసుకోవాలి. చేరిన తర్వాత దిద్దుకోవడానికి వీలుకాని షరతులివి.

పరీక్ష నెగ్గిన పిల్లలు ఎదుర్కొనే రెండో ఇబ్బంది ఇంటర్న్‌షిప్ సీటు. వైద్య కళాశాలకు మంజూరైన ఎంబీబీఎస్ సీట్లలో 7.5 శాతానికి మించకుండా విదేశీ పట్టభద్రులను హౌస్ సర్జన్లుగా తీసుకోవాలన్న పరిమితిని 2022లో కమిషన్ విధించింది. మహబూబాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల అదే సంవత్సరం 150 సీట్లతో, జనగామ, భూపాలపల్లి కళాశాలలు 2023 సెప్టెంబరులో వంద సీట్ల చొప్పున మొదలయ్యాయి. ఆ నిష్పత్తిని వాటికి అన్వయిస్తే మహబూబాబాద్‌కు పదకొండుమంది, మిగతా రెండింటికి ఏడుగురి చొప్పున వస్తారు. ఒత్తిడి భరించలేక తర్వాత బోధనేతర ఆసుపత్రుల్లోనూ కొంతకాలం అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఇంటర్న్‌షిప్ ముగిసి తెలంగాణ వైద్యమండలిలో శాశ్వత రిజిస్ట్రేషన్ దొరికాక, నిపుణుడు కావాలంటే వీరూ ఇక్కడివారితో సమానంగా నీట్ పీజీ రాసి సీటు కోసం నిలబడాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ఎంబీబీఎస్ స్థాయి చదువుతో పాటు పీజీ కూడా పూర్తిచేసి, అక్కడ వైద్యం చేసే హక్కు పొంది తిరిగివచ్చినవారికి మాత్రం స్క్రీనింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. భారతదేశమూ పట్టాల మధ్య దేశాన్ని బట్టి తేడా చూపుతోందని దీన్నిబట్టి గ్రహించాలి.

2023లో జాతీయ వైద్య కమిషన్‌కు ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య పదేళ్ల గుర్తింపు ఇచ్చింది కాబట్టి, ఈ మూడు జిల్లాల కళాశాలల్లో చదివేవారికీ అమెరికా పరీక్షల దారి దేశంలోని ఇతర కళాశాలల విద్యార్థులకు ఉన్నట్టే ఉంటుంది. మహబూబాబాద్‌లో 2022లో చేరిన తొలి బృందం హౌస్ సర్జన్లుగా బయటికి వచ్చేసరికి 2028 అవుతుంది. వారిలో ఎందరు వెళతారు, ఎందరు ఉంటారన్నది దేశభక్తి ఉపన్యాసాల మీద కాక, అప్పటికి ఈ జిల్లాల్లో పీజీ సీట్లు ఎన్ని తెరుచుకుంటాయన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పీజీ సీటు మంజూరు కావాలంటే ఆ విభాగంలో ఆచార్యులు ఉండాలి, పడకలు ఉండాలి, రోజువారీ రోగుల సంఖ్య లెక్క చూపగలగాలి. రోగుల సంఖ్యకు ఇక్కడ ఏనాడూ కొదవ లేదు, ఆచార్యుల పోస్టులు నింపడమే మిగిలిన పని. ప్రస్తుతం పీజీ విద్యార్థులు జిల్లా రెసిడెన్సీ నిబంధన కింద జిల్లా ఆసుపత్రుల్లో మూడు నెలలు పనిచేస్తున్నారు. ఆ మూడు నెలల స్థానంలో పూర్తి మూడేళ్ల పీజీ సీట్లనే మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో, జనగామలో తెరిచి, కాన్రాడ్ మాఫీ తరహాలో ఆ తర్వాత కొంతకాలం అదే జిల్లాలో పనిచేసే కట్టుబాటును మంచి జీతంతో, క్వార్టరుతో, పిల్లల చదువు ఏర్పాటుతో జతచేస్తే, కిర్గిజ్‌స్తాన్‌లో చదివి ఎఫ్‌ఎంజీఈ నెగ్గి వచ్చిన గిరిజన యువకుడూ, కాకతీయలో చదివిన జనగామ అమ్మాయీ ఆ సీటుకు సమానంగా పోటీపడగలరు.